పద్దెనిమిది వందల స్టిక్

విశాఖపట్నం ద్వారకానగర్‌లో మేడమీద ఒక పార్లర్. స్నూకర్ టేబుల్ ఒకటి, పూల్ టేబుళ్ళు రెండు. మధ్యాహ్నం రెండింటికి ఆడేవాళ్ళెవరూ ఉండరు. యజమాని కౌంటర్ వెనక కూర్చుని లెక్కలు చూసుకుంటున్నాడు. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న మేనల్లుడు భుజాన పొడవాటి నల్లసంచితో మెట్లెక్కి వచ్చాడు.

మావయ్య: ఏంట్రా ఆ సంచి? చేపలు పట్టడానికి గానీ బయల్దేరావా?

అల్లుడు: స్టిక్ మావయ్యా, సొంతది. ఆన్‌లైన్‌లో పద్దెనిమిది వందలు. సంచి ఫ్రీ.

మావయ్య: సంచి ఫ్రీ కాదురా, స్టిక్ ఫ్రీ. నువ్వు డబ్బిచ్చింది సంచికే.

అల్లుడు: చూశావా! విప్పనైనా లేదు, తీర్పిచ్చేశావు. ధర తక్కువని వింటే చాలు, కట్టెపుల్ల అనేస్తారు మీరంతా. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మీలాంటివాళ్ళ గురించే పుట్టి ఉంటుంది.

మావయ్య: నేను ఆడేవాణ్ణి కాదురా, మద్దెలలు బాగుచేసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా ఆ గోడకున్న స్టాండ్‌లో ఇలాంటివే పెట్టి అద్దెకిస్తున్నాను. ఎండల్లో ఒకలా ఉంటాయి, వానల్లో ఇంకోలా ఉంటాయి. సముద్రం పక్కన ఊరాయె, గాల్లో ఉన్న తేమంతా తాగి పడుకుంటాయి. పూల్ స్టిక్ 58 అంగుళాల పొడవు ఉంటుంది. కొన 13 మిల్లీమీటర్లు, మొత్తం బరువు 19 ఔన్సుల చిల్లర, అంటే అరకిలోకి కాస్త పైన. అంత పొడుగు చెక్క వంగకుండా నిలబడాలంటే దాన్ని ఆరబెట్టిన తీరులోనే ఉంది అంతా. మంచి పనివాడు హార్డ్ మేపుల్ కర్రని కాస్త చెక్కి నెలల తరబడి వేలాడదీస్తాడు. అది వంగుతుందా, పక్కన పడేస్తాడు. నిలిచిందా, మళ్ళీ కాస్త చెక్కుతాడు, మళ్ళీ వేలాడదీస్తాడు. ఫ్యాక్టరీవాడికి అంత ఓపిక ఎక్కడుంటుంది?

అల్లుడు: నువ్వు చెప్పేది పాత కథ. చౌక స్టిక్ అంటే రామిన్ చెక్క అనుకునే రోజుల్లోది. మలేషియా, ఇండోనేషియా చిత్తడి అడవుల్లో పెరిగే చెట్టది. తెల్లగా, నున్నగా, చవగ్గా దొరికేది. కానీ మెత్తన, కాస్త తగిలితే సొట్ట పడేది. చౌక స్టిక్‌లకి చెడ్డపేరు తెచ్చింది చాలావరకు అదే. ఆ చెట్లు తరిగిపోతున్నాయని 2001లో ఇండోనేషియా దాన్ని అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం కిందికి తెచ్చింది. 2004లో బ్యాంకాక్ సమావేశంలో ఆంక్షలు ఇంకా బిగించారు. ఇప్పుడు చైనా ఫ్యాక్టరీ స్టిక్ కూడా మేపుల్‌తోనే వస్తోంది. చెక్క మారింది గానీ పేరు మారలేదు.

మావయ్య: మేపుల్ అన్న మాట పెట్టెమీద అచ్చేస్తే సరిపోతుందా? బియ్యంలో సన్నాలూ ఉంటాయి, నూకలూ ఉంటాయి. ఏదీ, ఆ సంచి ఇలా ఇవ్వు.

(సంచి జిప్ తీసి రెండు ముక్కల్నీ బయటికి లాగాడు. ముందు ముక్కని ట్యూబ్‌లైట్ కిందికి తీసుకెళ్ళి వేలితో తడిమాడు.)

చెక్కలో ఈ సన్నగీతలు చూడు. ఈ కొసనుంచి ఆ కొసదాకా పట్టాల్లా తిన్నగా పోవాలి. నీదాంట్లో ఇదిగో, జానెడు దూరం బాగానే వచ్చి పక్కకి జారిపోయాయి. గీత పక్కకి పోయిన చోటే రేపు వంకర పుడుతుంది. పైగా వార్నిష్ ఎంత మందంగా పూశాడో చూడు. మే నెలలో ఎడమచేతి వేళ్ళమధ్య ఇది జరగదు, అతుక్కుంటుంది.

అల్లుడు: సన్నటి గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దితే ఆ వార్నిష్ పోతుంది. దానికో నేరం మోపకు.

మావయ్య: నేరం అది కాదులే. అసలు నేరం వెనక ముక్కలో ఉంది. ఈ నల్లటి ములుకులు, తెల్లటి పొదుగుళ్ళు, అబ్బో! ఇవి చెక్కలో పొదిగినవనుకున్నావా? కాగితంమీద అచ్చేసిన బొమ్మ. స్టిక్కరంటించి పైన వార్నిష్ పోశాడు. నిజంగా ములుకులు దించాలంటే రెండు రంగుల చెక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి, జిగురుపెట్టి, మళ్ళీ చెక్కాలి. పైన పటారం, లోన లొటారం అంటారే, అదిది. చవగ్గా ఉండడం తప్పని నేననను. చవకదై ఉండి ఖరీదైనదాని వేషం కట్టింది చూడు, దానికి మాత్రం చెడ్డపేరు రావాల్సిందే.

అల్లుడు: వేషం మాట వచ్చింది గనక అడుగుతున్నాను. 1986లో ‘ద కలర్ ఆఫ్ మనీ’ సినిమా వచ్చిందా? అందులో టామ్ క్రూజ్ చేతిలో మెరిసిన స్టిక్ పేరుమోసిన పనివాడు బాలబుష్కా చేసిందని లోకమంతా మురిసిపోయింది. తీరా చూస్తే అది బాలబుష్కా కాదు, జాస్ కంపెనీది. అసలు బాలబుష్కా మరీ విలువైనదని ఆ పోలికలో ఉన్న ఇంకోటి వాడారు. చూసినవాళ్ళ ఆనందానికి ఏమైనా లోటు వచ్చిందా?

మావయ్య: జాస్ కూడా మంచి స్టిక్కేరా! పట్టుచీరకి బదులు ఇంకో పట్టుచీర కట్టారంతే. నువ్వు పట్టుచీర బొమ్మ అచ్చేసిన గోనెపట్టా తెచ్చావు.

అల్లుడు: సరే, బాలబుష్కా పేరు వచ్చింది గనక ఆయన సంగతే చూద్దాం. రష్యాలో పుట్టి, 1924లో పన్నెండేళ్ళప్పుడు అమెరికా వచ్చాడు. 1959లో స్టిక్‌ల తయారీ మొదలుపెట్టాడు, 1975లో పోయాడు. ఇవాళ ఆయన స్టిక్‌లని పాత వీణల్లా దాచుకుంటారు. ఆయన మొదట్లో చెక్క ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో తెలుసా? బ్రన్స్‌విక్ కంపెనీ టైట్లిస్ట్ అనే స్టిక్ తయారుచేసేది. పార్లర్లలో గోడకి పెట్టే మామూలు ఫ్యాక్టరీ స్టిక్, అచ్చం నీ స్టాండ్‌లో సరుకులాంటిదే. దాని వెనక భాగాన్ని కోసి తన జాయింటు, తన ముందు ముక్క పెట్టుకున్నాడు. అంతకుముందు షికాగోలో హెర్మన్ రాంబో చేసిందీ అదే పని. మీరు దండం పెట్టే దేవుడి విగ్రహం మా ఫ్యాక్టరీ రాయితో చెక్కిందే మావయ్యా.

మావయ్య: రాయి ఫ్యాక్టరీదేలే, ఎంచిన కన్ను ఎవరిది? ఏది పనికొస్తుందో, ఏది రాదో ఆయనకి తెలుసు.

అల్లుడు: ఎంచుకోవడం మాటకి మళ్ళీ వద్దాం. ముందు హెండ్రీ సంగతి చెప్పు. స్టీఫెన్ హెండ్రీ 1990 నుంచి 1999 లోపల ఏడుసార్లు స్నూకర్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఏడుసార్లూ చేతిలో ఉన్నది ఒకటే స్టిక్, నలభై పౌండ్లది. 2003లో బ్యాంకాక్ నుంచి ఇంటికి తిరిగొచ్చి చూసుకుంటే విరిగిపోయి ఉంది. అంతవరకూ దాన్ని వదల్లేదు. కోట్లు సంపాదించినవాడు, కావాలంటే ఎంత ఖరీదైనదైనా చేయించుకోగలడు. నలభై పౌండ్లదే ఎందుకు పట్టుకు తిరిగాడంటావ్?

మావయ్య: హెండ్రీ ఒక్కడు గెలిచాడు గనక ఆ స్టిక్ కథ నీదాకా వచ్చింది. అప్పట్లో అదే రకం స్టిక్ కొని, అది వంకరపోయి, విసుగొచ్చి ఆట మానేసిన కుర్రాళ్ళెంతమందో నీకెవరైనా చెప్పారా? గెలిచినవాడి స్టిక్ మ్యూజియంకి పోతుంది, ఓడినవాడిది టమాటా మొక్కకి ఊతంగా పోతుంది. బతికినవాణ్ణి చూసి యుద్ధం మంచిదంటే ఎలా?

అల్లుడు: కానీ ఒకటి ఒప్పుకో. నలభై పౌండ్లది ఏడు కప్పులు గెలిపించగలదంటే, గెలవడానికి కావలసింది అందులో ఉన్నట్టేగా. ఇక పైన పెట్టే డబ్బు దేనికి? లెక్క చెప్తాను విను. స్టిక్ కొన బంతిని తాకేది సెకనులో వెయ్యో వంతు, మహా అయితే ఇంకొంచెం. అంత తక్కువ సమయంలో ఆ తాకిడివల్ల పుట్టే పక్క ఊపు స్టిక్ కొన నుంచి కొన్ని అంగుళాల దూరమే పోగలదు. పక్కకి ఊగే విషయంలో వెనకున్న చెక్కతో బంతికి సంబంధమే లేదు. అక్కడ నల్లచేవ పొదిగినా, వెండి తీగ చుట్టినా, స్టిక్కరంటించినా తెల్లబంతికి, అంటే వైట్‌కి తెలీదు. స్టిక్కర్ చూసి బాధపడేది నువ్వు, బంతి కాదు.

మావయ్య: అబ్బో, ఇంజినీరింగ్ ఫీజు ఊరికే పోలేదు. సరే, నీ లెక్కతోనే నిన్ను పట్టుకుంటాను. కొనదగ్గర కొన్ని అంగుళాలే ముఖ్యమన్నావు. ఎడమ సైడ్ పెట్టి, అంటే బంతిని నడిమధ్యన కాక ఎడమపక్కన కొడితే వైట్ తిన్నగా పోకుండా కాస్త కుడికి తప్పుకుని బయల్దేరుతుందా లేదా? కొన ఎంత బరువుంటే అంత తప్పుకుంటుంది. 1990లలో ప్రిడేటర్ కంపెనీవాడు అందుకే కొనని తేలిక చేశాడు. నీ చౌక స్టిక్‌కి చూడు, కొసన తెల్లటి ప్లాస్టిక్ తొడుగు, లావుగా, బరువుగా ఉంది. నువ్వు ముఖ్యమన్న ఆ నాలుగంగుళాల్లోనే నీవాడు పొదుపు చేశాడు.

అల్లుడు: తప్పుకోవడం తప్పు కాదు మావయ్యా. ఎంత తప్పుకుంటుందో తెలియకపోవడం తప్పు. ప్రిడేటర్ రాకముందు చాంపియన్లు లేరా? వాళ్ళ స్టిక్‌లు ఇంతకన్నా ఎక్కువే తప్పించేవి. ఎంత పోతుందో చేతికి అలవాటయ్యాక, చెయ్యే దిద్దుకుంటుంది. ఎడమవైపు లాగే సైకిల్ తొక్కేవాడు బడికి వెళ్ళడం మానేశాడా?

మావయ్య: రోజూ అదే సైకిలైతే నువ్వన్నది నిజమే. నా స్టాండ్‌లో పన్నెండున్నాయి, పన్నెండూ పన్నెండు రకాలుగా లాగుతాయి. ఇవాళ ఏది దొరికితే అది. ఇంక ఏ చేతికి అలవాటవుతుంది?

అల్లుడు: ఇప్పుడొచ్చావు దారికి! అందుకేగా సొంతది కొన్నాను. గుడ్డికన్నా మెల్ల నయం. రోజుకో కొత్త స్టిక్‌తో ఆడేకన్నా రోజూ ఒకే చౌక స్టిక్‌తో ఆడితే ఆట వస్తుంది. ఇంకో మాట. ఈ స్నూకర్ పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో, ఇంగ్లీషు సైనికాధికారుల మధ్య. ఆ రోజుల్లో ఆ క్లబ్బు గుమ్మం మనవాడు తొక్కాలంటే ట్రే పట్టుకుని తొక్కాలి. ఇవాళ గంటకింతని ఇచ్చి ఆటో డ్రైవర్ కొడుకు ఆడుతున్నాడంటే దానికి కారణం ఈ ఫ్యాక్టరీ స్టిక్కే. ఖరీదైన స్టిక్ ఉంటేనే ఆటంటే, ఇది మళ్ళీ క్లబ్బు ఆటైపోతుంది.

మావయ్య: కుర్రాడు ఆడాలనే నేనూ పార్లర్ పెట్టాను. ఆటో డ్రైవర్ కొడుక్కి ఆ పద్దెనిమిది వందలు నీకంటే పెద్దవిరా. వంకరది చేతికొస్తే మళ్ళీ కొనుక్కోగలడా? ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే కుండంతా తెలుస్తుంది. ఆ లెక్కన నేను పన్నెండు మెతుకులు పట్టి చూశాను.

అల్లుడు: అక్కడే పొరపాటు! ఆ సామెత ఒకే కుండలో ఒకే సెగమీద ఉడికిన అన్నానికి. ఖరీదైన స్టిక్‌లు అలాంటివి, ఒకటి చూస్తే పది తెలుస్తాయి. ఫ్యాక్టరీ సరుకు అలా కాదు, మెతుకు మెతుకూ వేరు. ఒకటి పలుకు, ఒకటి మెత్తన, ఒకటి సరిగ్గా ఉడికింది. చేతికి పలుకు దొరికినవాడు కుండనే తిడతాడు. చౌక స్టిక్ చెడ్డపేరంతా ఒక్క మెతుకు పట్టి చూసినవాళ్ళు వేసిందే. ఇంతకీ నీ స్టాండ్‌లోవి పాడైంది చెక్కవల్లా, వాడకంవల్లా? గోడకి ఏటవాలుగా ఆనించి పెడతారు, ఓడినప్పుడు నేలకేసి కొడతారు. వాటి టిప్‌లు ఆఖరుసారి ఎప్పుడు మార్చావు?

(మావయ్య జవాబు చెప్పలేదు. రెండు ముక్కల్నీ బిగించి, స్టిక్‌ని కంటికి ఆనించుకుని తుపాకీలా గురిచూశాడు. తరవాత టేబుల్ మీద పెట్టి మెల్లగా దొర్లించాడు.)

మావయ్య: కుర్రాళ్ళంతా దొర్లించి, ఎగిరిందంటే వంకరంటారు. స్టిక్ ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. దొర్లేటప్పుడు కొంచెం తడబడడం సహజమే. చూడాల్సింది కింద వెలుతురు. చెక్కకీ బట్టకీ మధ్య వెలుగు సందు ఒకేలా ఉంటే మంచిది, ఒక్కో చుట్టుకీ పెరిగి తగ్గితే వంకర. ఇదిగో, పెరుగుతోంది చూడు.

అల్లుడు: (నీరసంగా) అయితే వంకరేనా?

మావయ్య: ఆగరా. ముక్కలు విప్పి విడివిడిగా దొర్లించు. ముందుది తిన్నగా ఉంది, వెనకదీ తిన్నగానే ఉంది. కలిపితే ఊగుతోంది. అంటే చెక్క తప్పు కాదు, జాయింటు దగ్గర ముఖాలు సరిగ్గా కూర్చోలేదు. వెంట్రుకవాసి తేడా, దీంతో బతకొచ్చు. ఇప్పుడు చెవి ఇటు పెట్టు.

(స్టిక్‌ని నిటారుగా పట్టుకుని రబ్బరు అడుగుని నేలకి మెల్లగా కొట్టాడు. లోపలెక్కడో సన్నగా జుమ్మన్న చప్పుడు వచ్చింది.)

అమ్మ సంతలో కుండ కొనేముందు వేలితో కొట్టి చూసేది, గుర్తుందా? ఇదీ అంతే. మంచి స్టిక్ టక్కుమని ఊరుకోవాలి. ఇది జుమ్మంటోందంటే లోపల ఏదో వదులైంది.

(అడుగున రబ్బరు బిరడా ఊడదీసి, పొడవాటి అలెన్ కీ లోపలికి పోనిచ్చి రెండు చుట్లు బిగించాడు. మళ్ళీ నేలకి కొడితే టక్కుమంది.)

బరువు కోసం పెట్టే బోల్టు. ఫ్యాక్టరీలో బిగించేవాడికి ఆ రెండు చుట్ల తీరికలేదు.

అల్లుడు: రెండు చుట్లతో పోయే రోగానికి స్టిక్ మొత్తాన్నీ కట్టెపుల్ల అన్నావు.

మావయ్య: ఇంకా టిప్ చూడలేదుగా. ఇదిగో, గాజులా మెరుస్తోంది. దీనికి చాక్ పట్టదు, సైడ్ పెట్టావంటే జారిపోతుంది. ఆట మొత్తం ఈ తోలుముక్కలోనే ఉందిరా. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో మింగో అనే ఫ్రెంచి సైనికాధికారి జైల్లో ఉండి, కర్ర కొసకి తోలు తొడిగితే బంతి ఎన్ని వేషాలేస్తుందో కనిపెట్టాడంటారు. అంతకుముందు సైడ్, బంతిని వెనక్కి తిప్పే స్క్రూ అన్న మాటలకి పెద్దగా పనిలేదు. అంత విలువైన చోట ఈ ఫ్యాక్టరీవాడు పైసాలు మిగుల్చుకున్నాడు.

(డ్రాయర్లోంచి బ్లేడు, గరుకు కాగితం, నీలంరంగు తోలు టిప్ ఒకటి తీశాడు. పాత టిప్‌ని కోసేసి, కింద మిగిలిన జిగురుని గీకాడు. తొడుగు ముఖాన్ని గరుకు కాగితం మీద నిటారుగా నిలబెట్టి చదును చేశాడు. కొత్త టిప్ అడుగుని కూడా రుద్ది, చుక్క జిగురు వేసి అంటించి, స్టిక్‌ని తలకిందులుగా నేలకి ఆనించి బరువు మోపాడు.)

అల్లుడు: ఎంతయింది మావయ్యా?

మావయ్య: టిప్ ఖరీదు నువ్వు కింద తాగిన టీలకి సరిపోతుంది. పని ఖరీదు, మా అక్క కొడుకువి గనక మాఫీ. ఆరాక అంచులు కోసి, నాణెం అంచులా గుండ్రంగా రుద్దుకో. ఈ పని నేర్చుకున్నవాడికి చౌక స్టిక్ సగం ఖరీదైనదే.

అల్లుడు: అయితే ఒప్పుకున్నట్టేనా, చెడ్డపేరు అన్యాయమని?

మావయ్య: సగం ఒప్పుకుంటాను. ఖరీదైన స్టిక్‌కి ఇచ్చే డబ్బు దేనికిచ్చినట్టో ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను. చేతికొచ్చిన చెక్కకి కాదురా, చేసేవాడు వంకరని పారేసిన చెక్కలకి. ఆ ఏరివేత పని మనకోసం ఇంకెవరో చేసిపెట్టినందుకు. చౌక స్టిక్‌లో ఆ ఏరివేత జరగదు. జరగలేదని పెట్టెమీద రాయరు కూడా. ఏరడం వచ్చినవాడి చేతిలో అది చౌక. రానివాడి చేతిలో జూదం.

అల్లుడు: ఏరడం నేర్పితే జూదం కాదుగా. పేరు తీసెయ్యక్కర్లేదు, పాఠం చెప్తే చాలు.

మావయ్య: పాఠం చెప్పేవాడు ఆన్‌లైన్‌లో డబ్బాతోపాటు రాడు కదరా.

(జిగురు ఆరుతోంది. మావయ్య కౌంటర్ వెనక తాళంవేసిన బీరువా తెరిచి తన సొంత స్టిక్ తీశాడు. రాత్రి పార్లర్ మూశాక ఒంటరిగా ఆడుకునేది దానితోనే. ముందు భాగం చేతి రాపిడికి తేనెరంగు తేలింది. ఎక్కడా కంపెనీ పేరు లేదు.)

అల్లుడు: ఇదెక్కడ చేయించావు మావయ్యా? ఎప్పుడడిగినా చెప్పవు.

మావయ్య: చేయించలేదు. పార్లర్ పెట్టిన ఏడాది టేబుల్‌తోపాటు పన్నెండు స్టిక్‌లు ఒకే అట్టపెట్టెలో వచ్చాయి. ఫ్యాక్టరీవే. పెట్టె విప్పిన రాత్రి ఒక్కోటీ దొర్లించి చూసి, దీన్ని పక్కన పెట్టుకున్నాను. మిగతా పదకొండిట్లో నాలుగు మొదటి వానలకే వంగాయి. రెండిటికి జాయింటు పగిలింది. మిగిలినవి ఆడేవాళ్ళ చేతుల్లో అరిగిపోయాయి. ఇది మాత్రం ఇరవై రెండేళ్ళుగా తిన్నగానే ఉంది.

అల్లుడు: అంటే పన్నెండింటిలో ఒకటి బంగారం!

మావయ్య: నీకు ఆ ఒకటి కనిపిస్తోంది. నాకు ఆ నాలుగు కనిపిస్తున్నాయి. ఇద్దరం ఒకే పెట్టె గురించే మాట్లాడుతున్నాం. సరే, ఆ డబ్బా పారెయ్యకు. వాపసు పంపడానికి గడువు ఎప్పటిదాకా ఉంది?

అల్లుడు: ఇంకా ఆరు రోజులుంది. కానీ టిప్ కోసేశావుగా మావయ్యా, ఇంక ఎలా పంపేది?

మావయ్య: కోసేముందే చూశాన్రా, రెండు ముక్కలూ తిన్నగా ఉన్నాయని. పంపాల్సినదైతే బ్లేడు తీసేవాణ్ణే కాదు.